ఘోష్ నవలలు సంచిలో పెట్టుకుని

అమితావ్ ఘోష్ నవలల్లో ఏది మిన్న అనే విషయంలో మా వదినకూ నాకూ ఏళ్ళ తరబడి పేచీ. వదిన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైంది. ఆమె ఓటు ‘ది గ్లాస్ ప్యాలెస్’కి, నాది ‘ది షాడో లైన్స్’కి. ఫోన్‌లో ఏ మాట మొదలుపెట్టినా చివరికి అక్కడికే వచ్చి ఆగేవాళ్ళం. “ఇలా ఇంట్లో కూర్చుని వాదించుకుంటే తేలదు. ఆ కథలు జరిగిన చోటికే పోయి, అక్కడ కూర్చుని మళ్ళీ చదువుదాం. ఏది నిలబడుతుందో అప్పుడు చూద్దాం” అని ఆమే అంది. హైదరాబాదు నుంచి కలకత్తా, అక్కణ్ణుంచి సుందర్‌బన్ అని దారి వేసుకున్నాం. సంచిలో బట్టలకంటే పుస్తకాల బరువే ఎక్కువైంది.

ఘోష్ 1956లో కలకత్తాలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో మానవశాస్త్రం చదివారు. మొదటి నవల 1986లో వచ్చింది. 1988లో వచ్చిన ‘ది షాడో లైన్స్’ మరుసటి ఏడాది సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చిపెట్టింది. 2018 సంవత్సరానికి ఆయనకు జ్ఞానపీఠ్ ప్రకటించారు. ఇంగ్లీషులో రాసే రచయితకు ఆ పురస్కారం దక్కడం అదే మొదటిసారి. అవార్డులు అలా ఉంచితే, మమ్మల్ని ఆయన పుస్తకాలకు కట్టిపడేసిన గుణం ఒకటుంది. పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంలో దాటేసే మనుషుల్ని, అంటే ఓడెక్కిన కూలీలను, లస్కర్లనే ఓడ కళాసీలను, శరణార్థులను, ఆయన పేరూ ఊరూ అడిగి మన ఎదురుగా కూర్చోబెడతారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారన్న సంగతి ఈ దారి పొడుగునా మాకు తగులుతూనే వచ్చింది.

మొదటి పుస్తకం కోసం రైలెక్కే పనే లేదు. బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద ఒక పాత భవనం ఉంది. సికింద్రాబాదులో సైనిక వైద్యుడిగా ఉన్న రాస్, 1897 ఆగస్టు 20న, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ కడుపులో ఆ వ్యాధి పరాన్నజీవిని మైక్రోస్కోపు కింద పట్టుకున్నాడు. దోమలకు ఒళ్ళప్పగించిన ఆ రోగి పేరు హుసేన్ ఖాన్. రాస్ తర్వాత కలకత్తా వెళ్ళి పక్షుల మలేరియా మీద పరిశోధన ముగించాడు. 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు మాత్రం ఆ కథలో ఒక మూలన మిగిలింది. 1995లో వచ్చిన ‘ది కలకత్తా క్రోమోజోమ్’ అలాంటి మూలనే వెతుకుతుంది. రాస్ కనిపెట్టడమేమిటి, ప్రయోగశాలలో ఊడ్చే మంగళ, దగ్గరుండి పనిచేసే లచ్‌మన్ కలిసి అతని చేత కనిపెట్టించారు అన్నది ఘోష్ కల్పన. సైన్స్ ఫిక్షన్‌కిచ్చే ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు ఈ నవలకు దక్కింది.

ఆ భవనం ముందు చెట్టు నీడలో చివరి అధ్యాయాలు చదువుకున్నాం. ఊహ ఎంత దూరం పరిగెత్తిందో అన్న ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు. కానీ పుస్తకం మూసేశాక రాస్ కథ గుట్టును వెతికే మురుగన్ మాటల హోరు చెవిలో ఉంటుంది, మురుగన్ బాధ గుండెలో ఉండదు. “ప్రశ్న గట్టిది. మనుషులే ఆ ప్రశ్నను మోయడానికి పుట్టినట్టున్నారు” అంది వదిన. ఈ ఒక్క పుస్తకం విషయంలో ఇద్దరికీ పేచీ రాలేదు.

హౌరా బండి సాయంత్రం ఎక్కాం. సామర్లకోట దాటేదాకా నిద్రపోనని వదిన ముందే చెప్పింది. ఆమె పుట్టిల్లు కాకినాడకు దిగువన, కోరంగికి దగ్గర్లో. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి సముద్రం ఊరి మీదికి వచ్చి ఆ రేవు వైభవాన్ని ముంచేసింది. రేవు పోయినా వలస ఆగలేదు. గోదావరి, విశాఖ, శ్రీకాకుళం వైపుల నుంచి మనవాళ్ళు బర్మా ఓడలెక్కుతూనే ఉన్నారు. అక్కడ తెలుగువాళ్ళను కోరంగీలన్నారు. మనవాళ్ళు రంగూన్‌ను రంగం అన్నారు. వదిన తాతగారు రంగం రేవులో బియ్యం బస్తాలు మోశాడు. 1930 మే నెలలో అక్కడి తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే, వాళ్ళ చోట బర్మా వాళ్ళను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరి పాతవాళ్ళు తిరిగి పనిలోకి రాగానే కొట్లాట మొదలై ఊరంతా పాకింది. ఆ రోజుల్లో తాతగారు ఒక గోడౌన్‌లో దాక్కుని బతికాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు.

అందుకే ఆమెకు ‘ది గ్లాస్ ప్యాలెస్’ మీద అంత పట్టు. 2000లో వచ్చిన ఈ నవల 1885 నవంబరులో, మాండలేలో మొదలవుతుంది. దూరంగా ఏవో మోతలు వినిపిస్తే, అవి ఇంగ్లీషు ఫిరంగులని చెప్పేది పదకొండేళ్ళ అనాథ పిల్లాడు రాజ్‌కుమార్. బర్మా ఆఖరి రాజు తీబాను, రాణి సుపయాలత్‌ను ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని తీసుకుపోతారు. రాణి దగ్గర పనిచేసే డాలీని ఆ గందరగోళంలో ఒక్క క్షణం చూసిన రాజ్‌కుమార్ ఏళ్ళ తర్వాత ఆమెను వెతుక్కుంటూ రత్నగిరి వస్తాడు. వదిన ఇంతకుముందే రత్నగిరి చూసి వచ్చింది. కొండ మీద 1910లో పూర్తయిన తీబా ప్యాలెస్, అక్కణ్ణుంచి కనిపించే సముద్రం, 1916లో అక్కడే పోయిన రాజు సమాధి గురించి చెప్పడం మొదలుపెడితే ఆపదు.

“రాజ్‌కుమార్ మొదటి పెట్టుబడి ఎక్కడిది? దక్షిణాది కూలీలను ఓడల్లో తెచ్చి చమురు బావులకు అప్పగించి సంపాదించింది. ఘోష్ అతన్ని అంత ప్రేమగా రాస్తూ కూడా ఆ లెక్క దాచలేదు చూడు. ఆ ఓడల్లో మా తాత ఉన్నాడు” అంది.

“ఒప్పుకుంటాను వదినా. కానీ మాండలే, రత్నగిరి భాగాల్లో ఉన్న నింపాదితనం తర్వాత ఏది? టేకు అడవులు, మలయా రబ్బరు తోటలు, ఆజాద్ హింద్ ఫౌజ్, జపాన్ బాంబులు. మూడు తరాల మనుషులు ఒకరి వెనుక ఒకరు వచ్చి, మనకు పరిచయమయ్యేలోపే పోతారు.”

“చరిత్ర అలాగే కదమ్మా తోసుకొచ్చింది వాళ్ళ మీదికి. 1942లో రంగం నుంచి నడిచొచ్చినవాళ్ళకు పరిచయాలు చేసుకునే తీరికెక్కడిది?”

దానికి నా దగ్గర జవాబు లేదు. డాలీ, రాజ్‌కుమార్, కోడలు మంజు, చంకలో పసిపాపతో బర్మా నుంచి నడిచొచ్చే పేజీలను ఆమె నాకు చదివి వినిపించింది. బోగీలో దీపాలు తీసేశాక ఫోన్ వెలుతురులో చదివింది. ఆ పేజీలు ఘోష్ రాసినవాటిలో మొదటి వరసలో ఉంటాయి. అందులో నాకు సందేహం లేదు.

తెల్లవారాక పట్టాల పక్కనే చిలికా. ఆ నీళ్ళలో ఇరవాడీ డాల్ఫిన్లున్నాయి. ‘ది హంగ్రీ టైడ్’లో పియా అనే శాస్త్రవేత్త అమెరికా నుంచి సుందర్‌బన్‌కు వచ్చేది ఈ జాతిని వెతుక్కుంటూనే. ముక్కు మొండిగా, తల గుండ్రంగా ఉండే ఈ డాల్ఫిన్ శాస్త్రలోకానికి మొదట పరిచయమైంది మన విశాఖపట్నంలో. 1852లో అక్కడి రేవులో దొరికిన నమూనాను ఆధారం చేసుకుని రిచర్డ్ ఓవెన్ 1866లో దాన్ని వర్ణించాడు. దాన్ని సేకరించి పంపినవాడు వాల్టర్ ఇలియట్. అమరావతి శిల్పాలను మద్రాసుకు తరలించిన ఇలియటే. వదిన చిలికా నీళ్ళు కనుమరుగయ్యేదాకా కిటికీ వదల్లేదు.

కలకత్తాలో బస గోల్ పార్క్ దగ్గర పెట్టుకున్నాం. కారణం నా పుస్తకమే. ‘ది షాడో లైన్స్’లో పేరు లేని కథకుడు పెరిగింది ఈ చుట్టుపక్కలే. అతనికి ప్రపంచాన్ని చూడడం నేర్పిన త్రిదీబ్ సాయంత్రాలు కబుర్లకు కూర్చునే చోటు గోల్ పార్కే. కూడలికి ఒక పక్క రామకృష్ణ మిషన్ వారి సాంస్కృతిక సంస్థ, ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాల కొట్లు. ఒక కొట్టు ముందు ముక్కాలిపీట మీద కూర్చున్న పెద్దాయన, మా చేతిలో పుస్తకం చూసి, ఇంకో రెండు కాపీలు తీసి చూపించాడు. రెండింట్లోనూ పెన్సిల్ గీతలే. ఒకదాంట్లో నాయనమ్మ మాట్లాడే ప్రతి పేజీ అంచు మడిచి ఉంది. అది కొనుక్కున్నాను.

ఆ నాయనమ్మే ఈ నవలకు ప్రాణం. ఢాకాలో పుట్టి, కలకత్తాలో బడిపంతులమ్మగా బతికిన మనిషి. ఎన్నో ఏళ్ళకు ఢాకాకు విమానంలో వెళ్ళబోతూ, రెండు దేశాల మధ్య సరిహద్దు పైనుంచి కనిపిస్తుందా, కందకాల్లాంటివేమైనా ఉంటాయా అని అడుగుతుంది. ఏమీ ఉండదని చెబితే, మరి అంతమంది ఎందుకు చచ్చినట్టు అన్నది ఆమె మనసులో ముల్లు. ఆ ప్రయాణంలోనే, 1964 జనవరిలో, ఢాకాలో అల్లరిమూక చేతిలో త్రిదీబ్ చనిపోతాడు. అదే రోజుల్లో ఇక్కడ కలకత్తాలో, టాలా ట్యాంకు నీళ్ళలో విషం కలిపారన్న పుకారు మధ్య, కథకుడు స్కూలు బస్సులో బిక్కుబిక్కుమంటూ ఇంటికి వస్తాడు. ఈ రెండూ ఒకే గొడవలో భాగాలని అతనికి తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. లైబ్రరీలో పాత పేపర్లు తిరగేస్తే తీగ దొరుకుతుంది. 1963 డిసెంబరు 27న శ్రీనగర్‌లో హజ్రత్‌బల్ దర్గాలోని ప్రవక్త పవిత్ర కేశం మాయమైంది. అక్కడ ఏడ్చినవాళ్ళు అన్ని మతాలవాళ్ళూ కలిసే ఏడ్చారు. నిప్పు అంటుకున్నది ఎక్కడో తూర్పు పాకిస్తాన్‌లోని ఖుల్నాలో, ఆ తర్వాత కలకత్తాలో, ఢాకాలో.

“ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, 1962 చైనా యుద్ధం నుంచి 1965 పాకిస్తాన్ యుద్ధానికి దూకడమే. మధ్యలో 1964 అనే ఏడాది ఉందని ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు” అంది వదిన. ఆమె గొంతులో కోపం ఉంది.

నవలలో కథకుడు అట్లాసు తీసుకుని ఖుల్నా మీద కంపాసు ముల్లు గుచ్చి, శ్రీనగర్ దాకా చాపి ఒక వలయం గీస్తాడు. ఆ రాత్రి బసలో మేమూ అదే చేశాం. కంపాసు లేదు కాబట్టి వదిన కుట్టుపెట్టెలోని దారం తీసింది. ఖుల్నా మీద నేను వేలితో నొక్కి పట్టుకుంటే, ఆమె దారాన్ని శ్రీనగర్ దగ్గర ముడేసి మెల్లగా తిప్పింది. రంగూన్ లోపల పడింది. హైదరాబాదు లోపలే పడింది. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మై, వియత్నాంలోని హనోయి కూడా లోపలే. తర్వాత ఆమె అదే దారాన్ని విశాఖ మీద పెట్టి కొలిచింది. విశాఖకు ఢిల్లీ ఎంత దూరమో రంగూన్ కూడా ఇంచుమించు అంతే. పటం మీద వేలు అలాగే ఉంచి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. “మా తాత పరాయి దేశం పోలేదే. ఢిల్లీ పోయినంత దూరం పోయాడు, అంతే” అంది ఆఖరికి. నా పుస్తకం ఆమె చేత ఆ మాట అనిపించినందుకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

కలకత్తాలో మిగతా తిరుగుడు త్వరగానే అయింది. పీజీ ఆసుపత్రి గోడలో రాస్ స్మారకం చూశాం. 1927లో రాస్ స్వయంగా వచ్చి ఆవిష్కరించిన కట్టడం. క్రోమోజోమ్ నవలలో మురుగన్ వెతుక్కుంటూ వచ్చేది ఇక్కడికే. ఆ తర్వాత కిదిర్‌పూర్ వైపు హుగ్లీ ఒడ్డుకు వెళ్ళాం. మారిషస్, సూరినాం, ట్రినిడాడ్‌లకు గిరిమిటి కూలీలను ఓడలెక్కించిన రేవులు ఈ ఒడ్డునే. 2008లో బుకర్ తుది జాబితాకెక్కిన ‘సీ ఆఫ్ పాపీస్’ కథ అదే. ఘాజీపూర్ నల్లమందు ఫ్యాక్టరీ నీడలో బతికే దీతీ, భర్త చితి మీంచి తప్పించుకుని, 1838లో ఐబిస్ ఓడెక్కి మారిషస్ బయల్దేరుతుంది. ఓడలో కులం కరిగిపోయి అందరూ ఓడ తోబుట్టువులయ్యే ఘట్టం చదువుతుంటే, ఇలాగే ఓడలెక్కి మారిషస్ చేరి ఈనాటికీ ఉగాది చేసుకుంటున్న తెలుగు కుటుంబాలు మనసులో మెదిలాయి. ‘రివర్ ఆఫ్ స్మోక్’, ‘ఫ్లడ్ ఆఫ్ ఫైర్’ ఆ కథను కాంటన్‌కు, మొదటి నల్లమందు యుద్ధానికి తీసుకెళ్తాయి. ఆ రెండింట్లో సమాచారం ఎంత విలువైనదైనా, దీతీ తెరమరుగయ్యాక నాకు లోటుగానే ఉంటుంది. మూడు పుస్తకాల్లో మొదటిదే నా అలమరలో అందేచోట ఉంటుంది.

సుందర్‌బన్‌కు ధకురియా స్టేషన్‌లో లోకల్ ఎక్కాం. ‘ది హంగ్రీ టైడ్’లో మరో ముఖ్య పాత్ర కనయ్ మొదటిసారి పియాను చూసేది ఆ ప్లాట్‌ఫారం మీదే. బండి ఆగేది క్యానింగ్‌లో. మాత్లా నది ఒడ్డున ఇంగ్లీషువాళ్ళు కలకత్తాకు పోటీగా ఒక మహా రేవు కట్టాలనుకున్న చోటు ఇది. అక్కడ కట్టొద్దు, తుపాను వస్తే మిగలదు అని 1853లోనే గవర్నర్ జనరల్‌కు లేఖ రాసినవాడు హెన్రీ పిడింగ్టన్. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. 1867 తుపానుతో రేవు పని అయిపోయింది. ఘోష్ ఈ ఉదంతాన్ని నవలలో ఎంతో బాగా చెప్పారు. ఆ పిడింగ్టన్ అంతకుముందు 1839 కోరంగి తుపాను మీద వివరంగా పరిశోధన చేసినవాడు. మాత్లా ఒడ్డు బురదలో నిలబడి ఆ సంగతి చెప్పగానే వదిన నా చెయ్యి పట్టుకుంది. వాళ్ళ ఊళ్ళో చచ్చినవాళ్ళ లెక్క చూసి నేర్చుకున్న మనిషే ఈ ఊరిని హెచ్చరించాడు.

గద్‌ఖాలీ దాకా ఆటోలో పోయి, రేవు దాటి గోసాబా చేరాం. 1903లో డేనియల్ హామిల్టన్ అనే స్కాట్లండ్ వ్యాపారి ఇక్కడ వేల ఎకరాలు తీసుకుని, కులభేదం లేని సహకార సమాజం కట్టాలని కలగన్నాడు. బ్యాంకు, బడి, ధాన్యం గిడ్డంగి పెట్టాడు. 1936లో సొంతంగా రూపాయి నోటు వేశాడు. 1932 డిసెంబరులో టాగోర్ వచ్చి ఉన్న బంగళా ఇప్పటికీ ఉంది. నవలలోని లూసీబారి దీవి కల్పితమే అయినా, దాని పునాదులన్నీ గోసాబాలో కాలికి తగులుతాయి.

మర్నాడు పొద్దున్నే మోటారు పడవ ఎక్కాం. దాన్నక్కడ భట్‌భటి అంటారు. అడవిలోకి వెళ్ళాలంటే పర్మిట్, గైడు తప్పనిసరి. మాకు దొరికిన కుర్రాడు మమ్మల్ని దీదీ అంటూ, హిందీ బెంగాలీ కలిపి మాట్లాడాడు. పోటు దిగుతున్న వేళ. కట్ట పక్కన ఒకావిడ నడుం లోతు నీళ్ళలో నీలం వల లాక్కుంటూ ఎదురు నడుస్తోంది. పడవ ఆపించాం. ఆవిడ ఒడ్డుకొచ్చి వలను తెల్లటి పళ్ళెంలో దులిపింది. చెత్త, పీత పిల్లలు, చిన్నా చితకా చేపలు. ఆ గలీజులోంచి ఆల్చిప్పతో ఒక్కొక్క టైగర్ రొయ్య పిల్లను ఏరి వేరే గిన్నెలో వేస్తోంది. వెంట్రుక ముక్కకు రెండు నల్లటి కళ్ళు పెట్టినట్టుంది ఒక్కోటి. మిగిలిందంతా కట్ట మీదికి విసిరేసింది. హేచరీలు రాకముందు మా వైపు కూడా ఆడవాళ్ళు ఇలాగే సీడు పట్టేవాళ్ళని వదిన చెప్పింది. మొసళ్ళ భయం లేదా అని గైడు చేత అడిగించాం. ఉంది అని ఆవిడ తల ఊపి మళ్ళీ నీళ్ళలోకి దిగిపోయింది. నవలలో ఈ పని చేసే ఆడవాళ్ళున్నారు, ఆ వలలు నదిని ఎలా ఖాళీ చేస్తున్నాయో కూడా ఉంది. ఆకలినీ అడవినీ ఒకే వాక్యంలో నిలబెట్టి, ఏ ఒక్కదానికీ తీర్పు చెప్పకుండా వదిలేయడం ఘోష్ చేతిలో ఇంత బాగా మరే పుస్తకంలోనూ కుదరలేదు.

సజ్నేఖాలీలో బన్‌బీబీ గుడి ఉంది. అరేబియా నుంచి వచ్చిందని చెప్పుకునే ఈ అడవి తల్లికి హిందువులూ ముస్లిములూ దండం పెట్టుకునే అడవిలో అడుగు పెడతారు. తేనె కోసం ధోనా అనే వ్యాపారి దుఖే అనే పేద పిల్లాణ్ణి పులి రూపంలోని దక్షిణ్ రాయ్‌కి వదిలేసి పోతే, పిల్లాడు పిలవగానే వచ్చి కాపాడింది ఈ తల్లి. ఆ కథ చెప్పే పద్యకావ్యం బెంగాలీలోనే ఉన్నా అరబ్బీ పుస్తకంలా కుడి నుంచి ఎడమకు తిప్పాలి. ఘోష్ 2021లో దీన్నే ‘జంగిల్ నామా’ పేరుతో ద్విపదల్లో తిరగరాశారు. నవలలో చదువురాని జాలరి ఫకీర్‌కు ఆ కావ్యమంతా కంఠతా వచ్చు. గుడి ముందు నిలబడి మా గైడు కుర్రాడు అందులోంచి కొన్ని పాదాలు గొంతెత్తి పాడాడు. వాళ్ళమ్మ నేర్పిందట.

కుమీర్‌మారి ఊరి రేవుకు ఎదురుగా, నది అవతల, మరీచ్‌ఝాపి. దిగనివ్వరు, అది రక్షిత అడవి. పడవలోంచి చూస్తే అన్ని దీవుల్లాగే మడచెట్లు, బురద, పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కాందిశీకులను దండకారణ్యం క్యాంపులకు పంపారు. మనకు సరిహద్దులోని మల్కన్‌గిరిలో, బస్తర్‌లో ఆ రాతినేలల మీద పడేశారు. మన కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాంలో కూడా బెంగాలీ కాందిశీకుల ఊళ్ళున్నాయి. నీళ్ళకూ వరికీ అలవాటైన ఆ మనుషులు 1978లో వేలాదిగా దండకారణ్యం వదిలి ఈ దీవికి వచ్చి, ఊరు కట్టుకున్నారు. బడి పెట్టుకున్నారు, చేపల చెరువులు తవ్వుకున్నారు. 1979 జనవరిలో వామపక్ష ప్రభుత్వం దీవిని పోలీసు పడవలతో దిగ్బంధం చేసింది. తిండీ నీళ్ళూ ఆగిపోయాయి. మే నెలలో అందర్నీ ఖాళీ చేయించారు. ఎంతమంది చనిపోయారన్న దాని మీద నేటికీ లెక్కలు కలవవు.

‘ది హంగ్రీ టైడ్’లో ఈ కథ చెప్పేది నిర్మల్. రిటైరైన హెడ్‌మాస్టరు, జీవితమంతా విప్లవం గురించి మాట్లాడినవాడు. దిగ్బంధం ముగిసే ముందు, దీవిలో కాందిశీకులతో కలిసి ఉంటున్న కుసుమ్ గుడిసెలో కూర్చుని, దొరికిన నోటుబుక్కులో ఆపకుండా రాస్తాడు. తను బతకకపోయినా ఈ మనుషులు ఇక్కడ ఉన్నారన్న మాట మిగలాలని రాస్తాడు. వదిన పడవ అంచున కూర్చుని ఆ పేజీలు పైకి చదివింది. గైడు కుర్రాడికి ఇంగ్లీషు అంతగా రాదు. అయినా మరీచ్‌ఝాపి, కుసుమ్ అన్న పేర్లు వినిపించినప్పుడల్లా తలెత్తి చూశాడు.

ఆ రాత్రి పడవలోనే లెక్క తేల్చుకున్నాం. 2019లో వచ్చిన ‘గన్ ఐలండ్’ గురించి ముందు మాట్లాడుకున్నాం. ‘ది హంగ్రీ టైడ్’లోని పియా, నీలిమ, మొయ్‌నా ఇందులో మళ్ళీ కనిపిస్తారు. అయిలా తుపాను తర్వాత ఉప్పెక్కిన పొలాలు వదిలి ఇక్కడి కుర్రాళ్ళు వెనిస్ దాకా వలస పోతారు. విషయం గొప్పది. నమ్మశక్యం కాని సంఘటనలకు ఆధునిక నవలలో చోటు లేకుండా పోయిందని ‘ది గ్రేట్ డిరేంజ్‌మెంట్’లో ఘోష్ చేసిన వాదనకు ఈ నవల ఆయనిచ్చుకున్న జవాబు. అయితే ఇందులో పాత్రలు ఉపన్యాసాలిస్తాయి. ‘ది హంగ్రీ టైడ్’లో ఫకీర్ ఒక్క ఉపన్యాసం ఇవ్వడు. తుపానులో చెట్టుకు కట్టుకుని, తన ఒంటిని పియాకు అడ్డుపెట్టి ప్రాణం విడుస్తాడు. ఆ తేడాయే రెండు నవలల తేడా.

ఏ పుస్తకం చోటు మీద నిలబడుతుంది అన్నది మా పరీక్ష. ‘ది హంగ్రీ టైడ్’ ఇక్కడ చదివితే పదింతలైంది. పోటు ఎక్కేటప్పుడు దీవులు మునగడం, దిగేటప్పుడు తేలడం కళ్ళెదుట చూస్తూ చదివితే, ఆ నవల అధ్యాయాలు ఎందుకలా ఒకదాని మీదికొకటి వచ్చిపోతాయో ఒళ్ళంతటికీ తెలిసింది. ‘ది షాడో లైన్స్’కు గోల్ పార్క్ కొత్తగా ఇచ్చింది ఏమీ లేదు. హైదరాబాదులో నా గదిలో చదివినప్పుడు ఎంతుందో అక్కడా అంతే ఉంది. నా దృష్టిలో దాని గొప్పతనం అదే. చూడని చోటును కూడా కచ్చితంగా ఊహించుకోవడం నేర్చుకోమని త్రిదీబ్ ఆ పిల్లాడికి చెప్పాడు, ఆ నవల నాకూ అదే నేర్పింది. పాత పేపర్లూ, ఒక అట్లాసూ, ఒక ముసలావిడ ప్రశ్నా పెట్టుకుని ఒక ఉపఖండం చేసిన తప్పును చూపించిన పుస్తకం అది. నా ఓటు మారలేదు. దాని వెంటనే ‘ది హంగ్రీ టైడ్’. ఘోష్‌ను కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు మాత్రం ముందు ‘ది హంగ్రీ టైడ్’ చేతికిస్తాను.

వదిన ఓటు మారింది. “గ్లాస్ ప్యాలెస్‌లో మా తాత ఉన్నాడు. ఇందులో రాసిపెట్టిన మాస్టారున్నాడు. నేనూ మాస్టారునే కదా, ఇన్నాళ్ళూ ఏం రాశాను?” అంది. తిరుగు ప్రయాణంలో హౌరా స్టేషన్ స్టాల్‌లో నోటుబుక్కులు కొని, తాతగారి గురించి వాళ్ళమ్మ చెప్పినవన్నీ రైల్లోనే రాయడం మొదలుపెట్టింది. ఓడ చార్జీ, గోడౌన్, రంగం నుంచి తెచ్చిన లక్క పెట్టె, నడిచొచ్చిన దారిలో పోయిన ఒక పిన్ని. తెలియనిచోట ఖాళీ వదిలి, ఎవర్నడగాలో పక్కన పేరు రాసుకుంది.

విశాఖలో బర్మా క్యాంపు ఉంది. ఉత్తర కోస్తాలో రంగం కథలు లేని ఊరు అరుదు. మారిషస్‌లో మన ఇంటిపేర్లున్నాయి. కోరంగి తుపాను గురించి పిడింగ్టన్ రాశాడు, మనం పెద్దగా రాసుకోలేదు. వీటి మీద తెలుగులో నవలలు రావాలని నాకు గట్టిగా ఉంది. అంతకుముందు జరగాల్సిన పని, ఇంకా బతికున్న పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళు చెప్పింది చెప్పినట్టు కాగితం మీద పెట్టడం. అది ఏ ఇంట్లోనైనా, ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు.